రెండో కాజా

కుట్టు గది మేడ మీద నుంచి,
మంగళవారం

చిరంజీవి పిట్టకి అమ్మ చెప్పి రాయించేది.

నేను బాగానే ఉన్నాను. ఇది రాసేది పక్క వాటా కంపోజిటరు గారు. ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చిన మనిషి కదా, నేను ఒక మాటంటే దాన్ని మర్యాదగా మార్చి పెట్టాలని చూస్తాడు. "తమ్ముడూ, చెప్పింది చెప్పినట్టు రాయి, నా మాటకి ఇస్త్రీ చేయకు" అన్నాను. ఆ ముక్క కూడా రాయమన్నాను. రాశాడో లేదో నువ్వే చూసుకో.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు చెప్పేది నాకు సగమే వినపడుతుంది, నేను చెప్పేది వీధంతా వినపడుతుంది. ఇది వీధికి చెప్పే మాట కాదు.

మీ మేనత్త, ఆ టీచరమ్మ, కాలు విరగ్గొట్టుకుని, చూసేవాళ్ళెవరూ లేక, రెండు నెలలుగా నా దగ్గరే ఉందని నీకు తెలుసు. పిలిచింది నేనే. ఎంతైనా మీ నాన్న తోడబుట్టింది. నా మంచం ఇచ్చి నేను నేల మీద పడుకుంటున్నాను. శనివారం తోచడం లేదంటే కుర్చీ వేసి కుట్టు గదిలో కూర్చోబెట్టాను. పన్నెండు మంది ఆడవాళ్ళం, చొక్కాలకి కాజాలు కుడుతున్నాం. రేడియోలో ఆ జబ్బు గురించి ఏదో చెబుతున్నారు. కాలర్లు కుట్టే పిల్లకి నోరు ఊరుకోదు. "అమ్మమ్మా, తాతయ్య పోయింది దీంతోనే కదా, మరి నీకెలా అంటలేదు?" అంది. నేను నోరు తెరిచే లోపు కుర్చీలోంచి మీ అత్త అందుకుంది.

"భార్యగా ఉంటే కదా అంటడానికి! ఆవిడ మా అన్నయ్య పక్కనే లేదు. ఇక ఆ పిల్ల ఎక్కడిదో ఆవిడకే తెలియాలి."

పిట్టా, మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కాజా కోసే కత్తెర నా చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. లేకపోతే ఈ ఉత్తరం జైలు నుంచి వచ్చేది.

ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి ఈ మాట చాటుగా పడ్డాను. ఇప్పుడు నలుగురిలో పడింది. నువ్వు ల్యాబులో రక్తాలతోనే కదా బతుకుతున్నావు! ఆయనకి జబ్బని తెలిసేలోపు ఏడాదిన్నర ఒకే పక్క మీద పడుకున్నాను. తర్వాత ఆయన పోయేదాకా ఈ చేతులతోనే ఎత్తాను, దించాను. మూడుసార్లు పరీక్ష చేసి మూడుసార్లూ లేదన్నారు. ఎందుకు లేదు? అది తేల్చు. కాగితం మీద కావాలి, స్టాంపు ఉండాలి. దాని మొహాన కొడతాను.

ఇట్లు
అమ్మ (వేలిముద్ర)


రక్తపరీక్షల ల్యాబు నుంచి,
సోమవారం

అమ్మకి నమస్కారాలు.

కంపోజిటరు గారు ఇస్త్రీ చేయలేదు. "నోరు ఊరుకోదు" దగ్గర మాత్రం ఒక కొట్టివేత ఉంది. అక్కడ నువ్వేమన్నావో నేను ఊహించుకోగలను.

నీ ఉత్తరం చదివాక పని చేయలేకపోయాను. అత్త ఆ మాట అనడం నాకు కొత్త కాదు. ఏడో క్లాసులో ఉన్నప్పుడు నా మొహం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఎవరి పోలికో" అంది. నువ్వు ఊరుకున్నావు. ఆ ఊరుకోవడం ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. నీకు ఊరుకోవడం చేతకాదు కదా!

సరే, నీ ప్రశ్న. మా పెద్ద డాక్టరమ్మని అడిగాను. ఆవిడ చెప్పింది నీ పనిలో పెట్టి చెబుతాను.

ఒంట్లోకి రోగం వస్తే కనిపెట్టి సైన్యాన్ని లేపే కాపలా కణాలు ఉంటాయి. వాటి చొక్కా మీద కాజాల్లాంటివి ఉంటాయనుకో. అవి దొంగ కోసం పెట్టినవి కావు. ఒకదాని కబురు ఒకటి అందుకోవడానికి ఉన్నవి. ఈ హెచ్‌ఐవీ వైరస్ ఒళ్ళంతా గుండీలతో వస్తుంది. ముందు ఒక గుండీ తెచ్చి సీడీ4 అనే కాజాలో పెడుతుంది. అది పడినంత మాత్రాన లోపలికి పోలేదు. కాకపోతే, పడగానే దాని ఆకారం మారి, అప్పటిదాకా దాచుకున్న రెండో గుండీ బయటికొస్తుంది. అది సీసీఆర్5 అనే రెండో కాజాలో పడాలి. రెండూ పడ్డాయా, వైరస్ పైపొరా కణం పైపొరా దగ్గరికి లాగి కుట్టేసినట్టు ఒకటైపోతాయి. లోపలి సరుకు కణంలోకి జారిపోతుంది. అక్కడ తన రాతని కణం రాతలో కలిపేస్తుంది. ఇక ఆ కణం కాపలా మానేసి దానికి పిల్లల్ని తయారు చేసి పెడుతుంది. చివరికి చస్తుంది.

కొద్దిమందికి, చాలా కొద్దిమందికి, పుట్టుకతోనే రెండో కాజా ఉండదట. గుండీ తెచ్చినా పెట్టేచోటు లేదు. నీది అలాంటి ఒళ్ళేమో చూద్దామంది డాక్టరమ్మ. మీ పెద్ద బజారు ల్యాబులో నా స్నేహితురాలు ఉంది. వెళ్ళి రక్తం ఇవ్వు. కాగితం మీద వేలిముద్ర అడుగుతారు. వాళ్ళని తిట్టకు.

నీ
పిట్ట


కుట్టు గది మేడ మీద నుంచి,
ఆదివారం

చిరంజీవి పిట్టకి,

రక్తం ఇచ్చాను. నీ స్నేహితురాలు మంచి పిల్లే గానీ నరం దొరక్క మూడుచోట్ల పొడిచింది. "అమ్మాయీ, నలభై ఏళ్ళు సూదితో బతికాను, ఇలా పొడిస్తే మా మేస్త్రీ గుడ్డ మొహాన కొట్టేవాడు" అన్నాను. నవ్వింది. తిట్టలేదు, నవ్వించాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి నమ్మలేదు. కంచే చేను మేయడం విన్నాను గానీ, దొంగ వచ్చి కాపలావాడి చొక్కాకే గుండీ పెట్టి వాడినే తొడుక్కోవడం ఎక్కడైనా ఉందా? అంత ఒంట్లో వేరే ఇల్లే దొరకలేదా దానికి? "మళ్ళీ చదువు తమ్ముడూ, తప్పు చదివావు" అని కంపోజిటరు గారితో తగువేసుకున్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. అదే ఉంది.

చివరి రోజుల్లో మీ నాన్న చేతులు వణికి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాడు. ఒక్కొక్కటీ నేనే పెట్టేదాన్ని. అదే సమయానికి ఆయన లోపల ఇంకెవరో కూర్చుని ఇదే పని చేస్తున్నారని నాకేం తెలుసు? లిఫ్టులు బిగించే మనిషి, ఇనుప తాళ్ళు భుజాన వేసుకుని ఎనిమిది అంతస్తులు ఎక్కినవాడు, పిడికెడైపోయాడు. దేవుడి శాపం అన్నారు, పాపం పండింది అన్నారు. గుండీ, కాజా అని ఒక్కడూ చెప్పలేదే!

మీ అత్త మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని అంతా వింది. "కాజాలు లేని మనుషులు కూడా ఉంటారా? కథలు!" అంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. త్వరగా తేల్చు.

అమ్మ (వేలిముద్ర)


ల్యాబు నుంచి,
గురువారం

అమ్మా!

ముందు కూర్చో. కంపోజిటరు గారూ, మీరు కూడా కూర్చుని చదవండి.

లేదమ్మా. నీకు రెండో కాజా లేదు! డాక్టరమ్మ కూడా కుర్చీలోంచి లేచి నిలబడింది. పదిహేడేళ్ళలో ఆవిడ ఇలాంటిది చూడడం రెండోసారి.

ఎలా తెలుస్తుందో చెబుతాను. ఆ కాజా ఎలా కుట్టాలో ఒంట్లో ఒక రాత ఉంటుంది. ప్రతి మనిషిలో దానికి రెండు ప్రతులు, తల్లి ఇచ్చింది ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి. నీ రెండు ప్రతుల్లోనూ ముప్ఫై రెండు అక్షరాలు లేవు. అవి లేకపోతే కాజా సగంలో ఆగిపోతుంది, చొక్కా పైకి రాదు. మేం ఆ రాతని ఒక పలక మీద పరిగెత్తిస్తాం. నిండు ప్రతి అయితే పైన ఒక గీత, అక్షరాలు పోయినదైతే కింద ఒక గీత. నీకు కింది గీత ఒక్కటే వచ్చింది. ఎంత శుభ్రంగా ఉందో! నువ్వు కుట్టిన కుట్టులా ఉంది.

ఇది పూర్తి కవచం కాదని డాక్టరమ్మ నొక్కి చెప్పమంది. కొన్ని రకాల వైరస్‌లు వేరే కాజా వెతుక్కుంటాయట. నాన్నకి వచ్చింది మామూలు రకమే అయి ఉంటుంది. నువ్వు ఆయన పక్కనే ఉన్నావు. ఆయనా నీ పక్కనే ఉన్నాడు. అది వచ్చింది, మొదటి గుండీ పెట్టింది, రెండోదానికి చోటు లేక వెనక్కి పోయింది. అత్తకి ఇక ఏ నోరుంది?

ఇంకొకటి. నీ దగ్గర నిండు ప్రతి లేనే లేదు కాబట్టి నువ్వు నాకివ్వగలిగింది అక్షరాలు పోయినదే. నాన్నకి జబ్బు అంటింది కాబట్టి ఆయనది నిండుదే అయి ఉంటుంది. అంటే నాకు పైనొకటి, కిందొకటి, రెండు గీతలు రావాలి. నీ పక్కనే నాదీ పెట్టి ఫోటో తీసి పంపుతాను. ఇదిగో తల్లి, ఇదిగో కూతురు అని గోడకి తగిలించు. మంగళవారం పెడుతున్నాను.

నీ కూతురు
పిట్ట


కుట్టు గది మేడ మీద నుంచి,
శనివారం

పిట్టా,

నీ రక్తం పెట్టకు.

నాది వచ్చింది, చాలు. గెలిచినవాళ్ళు మళ్ళీ పందెం కాస్తారా? నీకు అసలే రక్తం తక్కువ. ఎందుకని అడగకు. ఎప్పుడైనా నిన్ను ఏదైనా అడిగానా? ఇదొక్కటి అడుగుతున్నాను.

అమ్మ (వేలిముద్ర)

అమ్మాయీ, మీ అమ్మగారు చెప్పింది ఇంతే. ఇది నాలుగో కాగితం. ముందువి మూడూ చింపించారు. ఆవిడ మాటలు వెతుక్కోవడం నేను ఎప్పుడూ చూడలేదు. — రాసినవాడు.


ల్యాబు నుంచి,
శుక్రవారం

అమ్మకి,

నీ ఉత్తరం బుధవారం అందింది. అప్పటికే పెట్టేశాను.

ఒక్క గీతే వచ్చింది. పైది.

గొట్టాలు తారుమారయ్యాయి అనుకున్నాను. చీటీలు చూశాను. మళ్ళీ తీసి పెట్టాను. మూడోసారి నేను ముట్టుకోకుండా పక్క టెక్నీషియన్ చేత తీయించి పెట్టించాను. మూడుసార్లూ పైది ఒక్కటే. కింది గీత నీడ కూడా లేదు.

డాక్టరమ్మని ఎవరిదో కేసు అన్నట్టు అడిగాను. "తల్లికి రెండూ పోయినవైతే బిడ్డకి రెండూ నిండువి ఉండొచ్చా?" ఆవిడ తల కూడా ఎత్తలేదు. "ఉండవు. అయితే శాంపిల్ తప్పు, లేకపోతే తల్లి తప్పు" అని రాసుకుంటూనే ఉంది. కాసేపటికి కలం ఆపి నా మొహం చూసింది. నేను బయటికి వచ్చేశాను.

రోజుకి ఎనభై మంది రక్తం తీస్తాను. ఎవరికి ఏం తేలినా కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మెల్లగా చెప్పడం నా ఉద్యోగం. నాకు చెప్పడానికి ఎవరూ లేరు.

శాంపిల్ తప్పు కాదు. నేనెవరి పిల్లని? రాయించు. లేదంటే రాయించకు. నాకు ఏది కావాలో నాకే తెలియడం లేదు.

పిట్ట


కుట్టు గది మేడ మీద నుంచి,
బుధవారం

చిరంజీవి పిట్టకి,

చేతిరాత చూసి ఉలిక్కిపడకు. ఇది మీ మేనత్త రాస్తోంది. తెలిసే రాయిస్తున్నాను.

నీ ఉత్తరం కంపోజిటరు గారు చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. "చదువు తమ్ముడూ" అన్నాను. చదివాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. గదిలో మేమిద్దరమే. మీ అత్త మంచం మీద లేచి కూర్చుంది. "చూశావా వదినా! నేనన్నది రక్తమే చెప్పింది. మా అన్నయ్య పిల్ల కాదు" అంది.

నేనన్నాను: "అన్నయ్య పిల్ల కాదని కాదు టీచరమ్మా. నా పిల్ల కాదని చెప్పింది. తీసుకో కలం."

మీ అత్త మొహంలో నెత్తురు లేదు. "ఏమంటున్నావు?" అంది. "నోటితో ఇరవై ఎనిమిదేళ్ళు అన్నావు. ఇప్పుడు చేత్తో రాయి. ఒక్క ముక్క తప్పినా మళ్ళీ కంపోజిటరుతో చదివించుకుంటాను" అన్నాను. రాస్తోంది.

విను. నాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా కడుపు పండలేదు. మీ నాన్న ఒక పెద్దాసుపత్రికి లిఫ్టులు బిగించడానికి వెళ్ళి ఏడాదికి పైగా రాలేదు. ఆ సంగతే ఉత్తరంలో చెల్లెలికి రాశాడు. ఆ ఉత్తరమే ఈవిడ సాక్ష్యం. ఒక మధ్యాహ్నం తలుపు కొట్టాడు. ఒక భుజాన పనిముట్ల సంచి, రెండో చేతిలో కాన్వాసు గుడ్డలో చుట్టిన నువ్వు. నాలుగు నెలల దానివి. "ఎవరిది?" అన్నాను. "నాది" అన్నాడు. "కన్నదెవరు?" "ఆసుపత్రి క్యాంటీన్లో టీ కలిపే మనిషి. జ్వరంతో పోయింది. పది రోజులైంది" అన్నాడు. అది ఏం జ్వరమో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

చేతిలో ఉన్న కొలబద్దతో కొట్టాను. రెండు ముక్కలైంది. ఆయన కదల్లేదు. ఆ చప్పుడుకి నువ్వు ఉలిక్కిపడి నావైపు చూశావు. నాకు కోపం తీరలేదు, ఎత్తుకున్నాను. ఎత్తుకున్నాక కూడా తీరలేదు. అయినా దించలేదు.

ఆ నెలలోనే ఊరు మారాం. ఇక్కడ అందరికీ నేనే కన్నానని చెప్పాను. ఏడాదిన్నరకి ఆయన మంచం పట్టాడు. అప్పుడు తేలింది జబ్బు. నిన్ను ఎత్తుకుని ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. నా పరీక్ష ఏమవుతుందో అని కాదు, నీది ఏమవుతుందో అని. నీ రక్తం రెండుసార్లు తీశారు. రెండుసార్లూ లేదన్నారు. ఆ రోజు నేను ఎలా ఏడ్చానో వరండా ఊడ్చే మనిషికి తెలుసు.

అప్పుడే మీ అత్త వచ్చింది. నెలలు లెక్కపెట్టింది. "అన్నయ్య ఇంట్లో లేడు, నీకు జబ్బు లేదు, ఈ పిల్ల ఎక్కడిది?" అంది. ఒక్క మాటతో దాని నోరు మూయించొచ్చు. మీ అన్నయ్యదే, నేను కన్నది కాదు, అనొచ్చు. అంటే ఏమయ్యేది? దానికి పిల్లల్లేరు. చదువుంది, ఉద్యోగముంది. అన్న బిడ్డ అని తెలిస్తే వదిలేదా? వేలిముద్ర వేసుకునే కాజాల మనిషిని, నాకేం హక్కుంది? మా రక్తం అని ఎత్తుకుపోయేది. మీ నాన్నవాళ్ళు తమ పిల్ల కాదనుకున్నన్నాళ్ళే నువ్వు నాదానివి. అందుకే ఆ నింద నెత్తిన పెట్టుకున్నాను. నువ్వడిగావు కదా, ఎందుకు ఊరుకున్నావని. ఇందుకు.

ఇక్కడ కలం ఆపేసింది. "నేను రాయలేను వదినా" అంటోంది. రాయమన్నాను. "నింద పడ్డదాన్ని నేనే ఆగలేదు, రాసేదానికేం!" అన్నాను.

నువ్వు పెద్దదానివయ్యావు, ఇక నిన్ను ఎవరూ ఎత్తుకుపోలేరు. కనీసం జబ్బు సంగతి ఒక్కటైనా తేల్చుకుని నలుగురిలో తలెత్తుకుందామనుకున్నాను. తల్లి రాతా బిడ్డ రాతా ఒక పలక మీద పక్కపక్కన పెట్టొచ్చని నాకెలా తెలుస్తుంది? నాకు నా పేరే చదవడం రాదు. నా నోటితో నేనే అడిగి తెచ్చుకున్నాను.

నిన్ను కన్నామె పేరు నాకు తెలుసు. నువ్వొస్తే నీ చెవిలో చెబుతాను. దాన్ని మాత్రం మీ అత్త చేత రాయించను.

నేను తప్పు చేయలేదు పిట్టా. చేసిందల్లా చెప్పకపోవడం. దానికి నువ్వు ఏ శిక్ష వేసినా పడతాను, రాకపోవడం తప్ప. అది నా వల్ల కాదు. మొదటిసారి ఒప్పుకుంటున్నాను, నా వల్ల కానిది ఒకటుంది.

అమ్మ (వేలిముద్ర)

పిట్టా, ఈ కింది వరుసలు మీ అమ్మకి తెలియకుండా రాస్తున్నాను. ఆమె నీళ్ళు తాగడానికి లేచింది.

రాస్తుంటే నాకొక సంగతి తట్టింది. రక్తం లెక్కన ఈ గదిలో నీకు దగ్గరదాన్ని నేను. నీ ముక్కు మా అన్నయ్యదే. ఏడో క్లాసులో నీ మొహం అటూ ఇటూ తిప్పినప్పుడు కూడా చూశాను. చూసి, కాదనుకున్నాను. మీ అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. తెలిసి ఉంటే నిన్ను తీసుకుపోయేదాన్ని. పోలీసుల్ని పెట్టి అయినా తీసుకుపోయేదాన్ని.

ఆమె ఎన్ని కాజాలు కుట్టిందో అన్నిసార్లు నేను ఆమెని మాటలతో పొడిచాను. కుట్టు గదిలో ఆ పన్నెండు మందికీ రేపు నేనే చెబుతాను. కుంటుకుంటూ వెళ్ళయినా చెబుతాను.

వేలిముద్ర వేసినప్పటి నుంచి ఆమె నీకోసం గుమ్మంలోకి రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చింది. ఈ ఉత్తరం ఇంకా డబ్బాలో కూడా పడలేదని తెలిసీ.

నువ్వు రా. మెట్ల మీదే నిలబడి, లోపలున్న నాకు వినపడేంత గట్టిగా, ఆమెని అమ్మా అని పిలువు. నన్ను తిట్టేది ఆ తర్వాత తిట్టుకోవచ్చు.